ప్రైవేటు వ్యోమనౌకలు ఎందుకు ఆలస్యమవుతాయి: కోడ్ రాయడం కంటే దాన్ని నమ్మడమే కష్టం

2015 జూన్ 28న కేప్ కెనావెరల్ నుంచి బయలుదేరిన స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ 9 రాకెట్ 139 సెకన్లకే గాల్లో ముక్కలైంది. దాని కొసన ఉన్న డ్రాగన్ క్యాప్సూల్ మాత్రం ముక్కలు కాలేదు. రాకెట్ నుంచి విడిపోయి, కిందికి పడుతూ కూడా కొంతసేపు భూమ్మీది కేంద్రానికి సమాచారం పంపుతూనే ఉంది. అందులో ప్యారాచూట్లు ఉన్నాయి. వాటిని తెరవమని చెప్పే ఆదేశం ఆ దశకు సంబంధించిన సాఫ్ట్‌వేర్‌లో లేదు. ప్యారాచూట్ల అవసరం కక్ష్య నుంచి తిరిగొచ్చేటప్పుడే కదా, పైకి వెళ్లేటప్పుడు వాటితో పనేముంటుంది అన్న లెక్కలో రాసిన ప్రోగ్రామ్ అది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరాల్సిన సరుకుతో సహా క్యాప్సూల్ అట్లాంటిక్‌లో పడిపోయింది. తర్వాతి డ్రాగన్‌లో ఆ ఆదేశం చేర్చారు.

ఈ ఘటనలో ఏ లైనూ తప్పుగా పనిచేయలేదు. రాసిందంతా రాసినట్టే నడిచింది. రాకెట్ పేలి, క్యాప్సూల్ మిగిలితే ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. వాణిజ్య అంతరిక్ష యాత్రల్లో సాఫ్ట్‌వేర్ వల్ల జరిగిన నష్టాల్లో, వాయిదాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. బయటి నుంచి చూసేవారికి మాత్రం 'సాఫ్ట్‌వేర్ పని ఇంకా పూర్తి కాలేదు' అన్న ప్రకటన వినగానే, ప్రోగ్రామర్లు కోడ్ రాయడంలో వెనకబడ్డారనే అనిపిస్తుంది. నిజానికి కోడ్ చాలాసార్లు ఎప్పుడో రాసేసి ఉంటుంది. కాలమంతా పట్టేది అది ఏ పరిస్థితిలోనైనా సరిగ్గా నడుస్తుందని నిరూపించడానికి.

పరీక్ష బల్ల దగ్గర క్యూ

వ్యోమనౌక సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పద్ధతిని కాస్త దగ్గరగా చూస్తే ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. ల్యాబ్‌లో ఒక పెద్ద బల్ల మీద నిజంగా ఎగరబోయే రకం కంప్యూటర్లు, సెన్సర్ల ఎలక్ట్రానిక్స్, వాల్వులను నడిపే కంట్రోలర్లు పరుస్తారు. అసలు వైర్లతోనే వాటిని కలుపుతారు. పక్కన మరో కంప్యూటర్ ఉంటుంది. ఇప్పుడు నువ్వు ఇంత ఎత్తులో ఉన్నావు, ఇంత వేగంతో వెళ్తున్నావు, ఈ థ్రస్టర్ (దిశను మార్చే చిన్న ఇంజిన్) మండితే ఇలా తిరిగావు అని ఆ వ్యవస్థకు క్షణక్షణం తప్పుడు లోకాన్ని చూపించడం దాని పని. ఎగరాల్సిన కంప్యూటర్‌కు తాను బల్ల మీద ఉన్నానని తెలియదు. దీన్నే హార్డ్‌వేర్-ఇన్-ది-లూప్ పరీక్ష అంటారు.

దీంట్లో ఇబ్బంది ఏమిటంటే, అసలు హార్డ్‌వేర్ అసలు గడియారంతోనే నడుస్తుంది కాబట్టి పరీక్షను వేగంగా తిప్పడం కుదరదు. 25 గంటల ప్రయాణాన్ని పరీక్షించాలంటే 25 గంటలూ కూర్చోవాలి. 24వ గంటలో ఏదైనా తేడా వస్తే, దాన్ని సరిచేసి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఒక ఇంజిన్ ఆగిపోతే ఎలా, ఒక సెన్సర్ అబద్ధం చెబితే ఎలా, రెండూ ఒకేసారి జరిగితే ఎలా అని వేల రకాల పరిస్థితులు చూడాలి. వాటిలో చాలావాటిని మామూలు కంప్యూటర్ల మీద సిమ్యులేషన్‌లో వేగంగా నడిపించేయవచ్చు. చివరి నమ్మకం మాత్రం ఈ బల్ల దగ్గరే కుదరాలి. అలాంటి బల్లలు ఖరీదైనవి, ఏ కంపెనీలోనూ కుప్పలుగా ఉండవు. గైడెన్స్ (దారి చూపే) బృందం, ప్రొపల్షన్ (ఇంజిన్ల) బృందం, డాకింగ్ (అంతరిక్ష కేంద్రానికి అతికే) బృందం అన్నీ దాని కోసం క్యూలో ఉంటాయి.

దీనికి తోడు సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ వరుసలో చివరిదే. థ్రస్టర్ తయారీలో జాప్యం జరిగితే ఆ థ్రస్టర్‌ను నడిపే కోడ్ పరీక్షకు కూడా జాప్యమే. ఓ వాల్వు డిజైన్ మారితే దాని ఆదేశాలూ మారతాయి. లోహపు భాగాల్లో వచ్చిన తేడాను సాఫ్ట్‌వేర్‌తో సర్దేద్దాం అనే మాట ఇంజినీరింగ్ సమావేశాల్లో చాలా తేలిగ్గా వచ్చేస్తుంది, ఎందుకంటే అప్పటికే బిగించేసిన భాగాన్ని విప్పడం కంటే నాలుగు లైన్లు మార్చడం చౌక. ఆ నాలుగు లైన్ల కోసం పాత పరీక్షలన్నీ మళ్లీ నడపాలన్న సంగతి షెడ్యూల్ వేసేవారికి ఆలస్యంగా గుర్తొస్తుంది. అలా మిగతా విభాగాల వెనకబాటు అంతా చివరికి సాఫ్ట్‌వేర్ ఖాతాలో పడుతుంది.

పదకొండు గంటల తేడా

పరీక్ష కుదించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి బోయింగ్ స్టార్‌లైనర్ కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 2014 సెప్టెంబరులో నాసా తన వ్యోమగాములను అంతరిక్ష కేంద్రానికి చేర్చే పనిని రెండు కంపెనీలకు అప్పగించింది. బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్లు. 2017 కల్లా మనుషులతో ఎగరాలన్నది అప్పటి ఆశ. స్టార్‌లైనర్ మొదటి మానవరహిత ప్రయోగం జరిగేసరికి 2019 డిసెంబరు 20 అయింది.

అట్లాస్ 5 రాకెట్ తన పని చక్కగా చేసింది. స్టార్‌లైనర్‌ను విడిచిపెట్టింది. అక్కడి నుంచి క్యాప్సూల్ తన సొంత ఇంజిన్లు మండించి స్థిరమైన కక్ష్యలోకి చేరాలి. అది జరగలేదు. ప్రయోగం మొదలై ఎంతసేపైందో లెక్కపెట్టే గడియారం విలువను స్టార్‌లైనర్ అట్లాస్ నుంచి తీసుకుంటుంది. కౌంట్‌డౌన్ చివరి దశకు చేరాక తీసుకోవాల్సిన ఆ విలువను చాలా ముందే తీసేసుకుంది. గడియారం 11 గంటలు తేడాగా నడిచింది. దాంతో తాను ప్రయాణంలో మరో దశలో ఉన్నానని క్యాప్సూల్ అనుకుంది. ఇంజిన్లు మండించాల్సిన సమయంలో మండించలేదు. పైగా, తన దిశను అవసరానికి మించిన కచ్చితత్వంతో నిలబెట్టుకోవడానికి చిన్న థ్రస్టర్లను అదేపనిగా వాడి ఇంధనం ఖర్చు చేసేసింది. భూమి నుంచి ఆదేశాలు వెంటనే అందించడమూ కుదరలేదు, రేడియో సంబంధం సరిగ్గా దొరకలేదు. చివరికి క్యాప్సూల్‌ను కక్ష్యలో నిలబెట్టగలిగారు కానీ, అంతరిక్ష కేంద్రానికి వెళ్లేంత ఇంధనం మిగల్లేదు.

అది కక్ష్యలో తిరుగుతుండగా భూమ్మీద ఇంజినీర్లు మిగతా కోడ్‌ను మళ్లీ తవ్వారు. మరో తప్పు బయటపడింది. దిగేముందు క్యాప్సూల్ నుంచి ఇంజిన్లు, ఇంధనం మోసే సర్వీస్ మాడ్యూల్ విడిపోతుంది. అప్పుడు ఏ థ్రస్టర్ ఏ వాల్వుకు చెందిందో చెప్పే పట్టిక తప్పుగా ఉంది. అలాగే వదిలేసి ఉంటే, విడిపోయిన మాడ్యూల్ వెనక్కి వచ్చి క్యాప్సూల్‌ను ఢీకొట్టే ప్రమాదం ఉండేది. వేడిని తట్టుకునే కవచానికి దెబ్బ తగిలే అవకాశమూ ఉంది. దిగడానికి కొద్ది గంటల ముందు దిద్దిన కోడ్‌ను పైకి పంపారు. డిసెంబరు 22న స్టార్‌లైనర్ న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో క్షేమంగా దిగింది.

ఈ రెండో తప్పే మొదటిదానికంటే భయపెట్టేది. మొదటిది ఎదురుగా కనిపించింది కాబట్టే దాన్ని వెతికారు. గడియారం సరిగ్గా నడిచి, ప్రయాణమంతా సాఫీగా సాగి ఉంటే ఆ పట్టిక వైపు ఆ రాత్రి ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదేమో.

అట్లాస్‌తో కలిపి చేసిన పరీక్షను క్యాప్సూల్ విడిపోయే క్షణం వరకే నడిపారు. అక్కడి నుంచి మిగతా ప్రయాణాన్ని విడి ముక్కలుగా పరీక్షించారు. బయలుదేరడం నుంచి డాకింగ్ దాకా ఏకబిగిన నడపాలంటే 25 గంటలకు పైగా పడుతుంది. ఆ ఉమ్మడి పరీక్షను కక్ష్యలోకి చేరే ఘట్టం వరకు కొనసాగించి ఉంటే తప్పు దొరికేదని బోయింగ్ తరఫున కార్యక్రమాన్ని చూసిన జాన్ మల్‌హాలండ్ తర్వాత చెప్పారు. రెండో తప్పు విషయంలోనూ అసలు కంట్రోలర్‌కు బదులు దాన్ని అనుకరించే ఎమ్యులేటర్‌తో పరీక్ష ముగించారు. ముక్కలన్నీ పాసయ్యాయి. తప్పులున్నది ముక్కకూ ముక్కకూ మధ్య అతుకుల దగ్గర.

నాసా, బోయింగ్ కలిసి వేసిన స్వతంత్ర సమీక్ష బృందం 80 సిఫారసులు చేసింది. నాసా తన లోపాన్నీ ఒప్పుకుంది. కొత్త పద్ధతులతో పనిచేసే స్పేస్‌ఎక్స్ మీద ఎక్కువ కన్నేసి, దశాబ్దాల అనుభవమున్న బోయింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర తగినంత మంది మనుషులను పెట్టలేదని అధికారులు చెప్పారు. ఇది గట్టిగా పట్టించుకోవాల్సిన మాట. పేరున్న సంస్థ కాబట్టి సరిగ్గానే చేసి ఉంటుందన్న నమ్మకం కూడా పరీక్ష చేయని ఒక ఊహే. మళ్లీ మానవరహిత ప్రయోగం చేయడానికి బోయింగ్ 41 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. అది 2022 మే నెలలో గానీ ఎగరలేదు. అయితే ఆ మధ్యకాలమంతా సాఫ్ట్‌వేర్ వల్ల పోయింది కాదు. 2021 ఆగస్టులో వాల్వులు తుప్పుతో బిగుసుకుపోవడమూ అందులో ఉంది. 2024లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ వెళ్లిన యాత్రలోనూ హీలియం లీకులు, థ్రస్టర్లే ప్రధాన సమస్యలు.

రెండు కంపెనీల మధ్య సందు

అతుకు దగ్గర తప్పు దొరకడం స్టార్‌లైనర్‌తో మొదలవలేదు. 2013 సెప్టెంబరు 22న ఆర్బిటల్ సైన్సెస్ వారి సిగ్నస్ సరుకు నౌక తన తొలి ప్రయాణంలో అంతరిక్ష కేంద్రానికి దగ్గరైంది. రెండూ జీపీఎస్ సమాచారం మార్చుకోవాలి. కేంద్రం పంపిన డేటాను సిగ్నస్ నమ్మలేదు, వెనక్కి తగ్గింది. జీపీఎస్ వ్యవస్థ కాలాన్ని వారాల్లో లెక్కపెడుతుంది. ఆ లెక్క 1,024 వారాలకోసారి మళ్లీ సున్నాకు వస్తుంది. అలా సున్నాకు రావడాన్ని ఒక వైపు ఒకలా, మరో వైపు ఇంకోలా లెక్కలోకి తీసుకున్నారు. ఎవరి లెక్క వారికి సరైనదే. కోడ్ దిద్దడానికి ఎక్కువ సమయం పట్టలేదు. కానీ ఈలోగా వ్యోమగాములతో సోయజ్ నౌక వచ్చే సమయం దగ్గరపడింది. దానికి దారి ఇచ్చి, సెప్టెంబరు 29న గానీ సిగ్నస్ కేంద్రాన్ని చేరలేదు. రోజుల్లో తీరే సమస్యకు వారం పట్టడానికి కారణం ఇదే. అంతరిక్ష కేంద్రంలో డాకింగ్ స్థలాలు, సిబ్బంది సమయం, ఇతర నౌకల రాకపోకలు ముందే నిర్ణయమై ఉంటాయి. మన వంతు తప్పిందంటే తర్వాతి వంతు మన చేతిలో ఉండదు.

ఏడాది ముందు స్పేస్‌ఎక్స్ డ్రాగన్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన తొలి వాణిజ్య నౌకగా నిలిచింది. 2012 ఫిబ్రవరి 7న వెళ్లాల్సిన ఆ యాత్ర ఏప్రిల్ చివరికి, అక్కడి నుంచి మే నెలకు జరుగుతూ వచ్చింది. కేంద్రాన్ని సమీపించేటప్పుడు నడిచే కోడ్‌ను ఇంకా పరీక్షించాలన్నది ఆ వాయిదాలకు చెప్పిన ముఖ్య కారణం. అప్పట్లో ఆ వాయిదాల మీద విమర్శలూ వచ్చాయి. చివరికి మే 22న బయలుదేరి, 25న కేంద్రం దగ్గరికి చేరినప్పుడు, దూరాన్ని కొలిచే లైడార్ సెన్సర్‌కు జపాన్ మాడ్యూల్ కిబో నుంచి అనుకోని కాంతి ప్రతిఫలనాలు తగిలాయి. బృందం డ్రాగన్‌ను ఆపి, సెన్సర్ చూసే వెడల్పును తగ్గించి, మళ్లీ ముందుకు నడిపింది. అదే రోజు డ్రాగన్ కేంద్రానికి అతుక్కుంది. నెలల తరబడి పరీక్షించినా ఒక విషయం తప్పించుకుంది. అయినా ఆగడం, వెనక్కి రావడం, సెట్టింగు మార్చి మళ్లీ ప్రయత్నించడం అన్నవి ముందే సాధన చేసిన పనులు కావడంతో అది ప్రమాదంగా మారలేదు. ఆ వాయిదాలు వృథా పోలేదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

2017 మే 25న రాకెట్ ల్యాబ్ కంపెనీ తొలి ఎలక్ట్రాన్ రాకెట్‌కు జరిగింది మరీ బాధాకరం. న్యూజిలాండ్‌లోని మాహియా నుంచి బయలుదేరిన రాకెట్ నాలుగు నిమిషాల్లో 224 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. అంతలో భద్రతాధికారులకు టెలిమెట్రీ (రాకెట్ పంపే సమాచారం) అందడం ఆగిపోయింది. నిబంధన ప్రకారం వారు ప్రయోగాన్ని ఆపేశారు. ఆ తర్వాత తెలిసింది, రాకెట్‌లో ఏ లోపమూ లేదు. వేరే కాంట్రాక్టరు నడిపిన నేలమీది పరికరాల సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగు ఆన్ చేయలేదు. దాంతో రేడియో సంకేతంలోని లోపాలను సరిదిద్దే పని జరగలేదు. అలాంటి పరికరాన్నే రాకెట్ ల్యాబ్ స్వయంగా వాడుకుంటున్న చోట డేటా నిక్షేపంలా అందింది.

ఇంకో సందర్భంలో కోడ్ జోలికి వెళ్లకుండా అంకె ఒక్కటే కొంప ముంచింది. 2018 జనవరి 25న ఏరియాన్ 5 రాకెట్ ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఎస్ఈఎస్-14, అల్ యాహ్ 3 అనే రెండు వాణిజ్య ఉపగ్రహాలతో వెళ్లింది. దిశను చెప్పే యూనిట్లలో 70 డిగ్రీలు ఉండాల్సిన చోట 90 డిగ్రీలు పెట్టారు. ఆ రాకెట్ సాధారణంగా వెళ్లే యాత్రలకు 90 సరైనదే. ఈసారి యాత్రకు తగ్గట్టు దాన్ని మార్చలేదని ఎవరూ పట్టుకోలేదు. ఉపగ్రహాలు తప్పు కక్ష్యలోకి చేరాయి. తర్వాత సొంత ఇంధనం ఖర్చుపెట్టుకుని సరైన చోటికి వెళ్లాయి. సాఫ్ట్‌వేర్ అంటే ప్రోగ్రామ్ ఒక్కటే అనుకునే అలవాటు ఇలాంటి చోట దెబ్బతీస్తుంది. ప్రతి ప్రయోగానికీ కొత్తగా నింపే డేటా కూడా కోడంత జాగ్రత్తగా పరీక్షించాల్సిందే.

పాత కోడ్, కొత్త నేల

ఖర్చు తగ్గించడానికి ప్రైవేటు కంపెనీలు పనిచేసిన కోడ్‌ను మళ్లీ వాడుకుంటాయి. అది తెలివైన పనే, కానీ అందులో ప్రమాదమూ ఉంది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 తొలి రాకెట్ ఎలా పేలిందో ప్రోగ్రామింగ్ చదివే ప్రతి విద్యార్థీ విని ఉంటాడు. ఏరియాన్ 4 నుంచి తెచ్చిన కోడ్‌లో 64 బిట్ల అంకెను 16 బిట్లలో ఇరికించబోయి, సుమారు 37 సెకన్లకు రెండు దిశా కంప్యూటర్లూ ఆగిపోయాయి. బ్యాకప్ కంప్యూటర్ కూడా అదే కోడ్ నడిపింది కాబట్టి అదీ అలాగే ఆగింది. అంతగా ప్రచారం లేనిది డెల్టా 3 సంగతి. 1998 ఆగస్టులో గెలాక్సీ 10 అనే వాణిజ్య ఉపగ్రహంతో వెళ్లిన ఆ కొత్త రాకెట్ సెకనుకు నాలుగుసార్ల చొప్పున అటూ ఇటూ మెలితిరగడం మొదలుపెట్టింది. నియంత్రణ సాఫ్ట్‌వేర్ దాన్ని అణచబోయి, బూస్టర్ల నాజిళ్లను తిప్పే హైడ్రాలిక్ ద్రవాన్ని అంతా వాడేసింది. పాత డెల్టా 2లో ఆ కదలిక ఇబ్బంది పెట్టలేదు కాబట్టి కొత్త రాకెట్‌లోనూ పట్టించుకోనక్కర్లేదని లెక్క వేశారు.

చంద్రుడి మీదికి వెళ్లే ప్రైవేటు ల్యాండర్ల విషయంలో ఇది ఇంకా కఠినంగా ఉంటుంది. దిగే చివరి నిమిషాల్లో భూమి నుంచి జోక్యం చేసుకోవడం దాదాపు అసాధ్యం. జపాన్ కంపెనీ ఐస్పేస్ పంపిన హకుటో-ఆర్ ల్యాండర్ 2023 ఏప్రిల్‌లో చంద్రుడి మీద దిగబోతూ ఒక గోతి అంచును దాటింది. కింది నేల ఒక్కసారిగా దాదాపు 3 కిలోమీటర్లు లోతుకు పోయింది. ఎత్తు కొలిచే సెన్సర్ ఆ సంగతి నిజాయితీగానే చెప్పింది. సాఫ్ట్‌వేర్ మాత్రం తాను వేసుకున్న లెక్కకూ ఈ కొలతకూ అంత తేడా ఎలా వస్తుందని సెన్సర్ పాడైందనే నిర్ణయానికి వచ్చి, దాని మాట వినడం మానేసింది. నిజంగా సెన్సర్ పాడైతే అలా చేయడమే సరైనది. అందుకే ఆ ఏర్పాటు రాశారు. నేలకు తాకానన్న నమ్మకంతో ల్యాండర్ నిజానికి 5 కిలోమీటర్ల ఎత్తులో నిలబడి, ఇంధనం అయిపోయేదాకా నెమ్మదిగా దిగుతూనే ఉండి, ఆ తర్వాత పడిపోయింది.

ఐస్పేస్ తన నివేదికలో కారణాన్ని దాచలేదు. 2021 ఫిబ్రవరిలో డిజైన్ కీలక సమీక్ష పూర్తయ్యాక దిగే స్థలాన్ని మార్చారు. ఎన్నో సిమ్యులేషన్లు చేసినా, కొత్త స్థలానికి వెళ్లే దారిలోని ఆ గోతి అంచును వాటిలో తగినట్టు చేర్చలేదు. మ్యాపు మీద ఒక చుక్కను పక్కకు జరపడం ఎవరికీ సాఫ్ట్‌వేర్ మార్పులా కనిపించదు. పరీక్షలు మాత్రం ఆ చుక్కతో పాటే మారాలి.

2024 ఫిబ్రవరిలో ఇంట్యూటివ్ మెషీన్స్ వారి ఒడిస్సియస్ ల్యాండర్‌కు ఎదురైన కష్టం వేరు. చంద్రుడి చుట్టూ తిరుగుతుండగా దాని లేజర్ దూరమాపకాలు పనిచేయవని తెలిసింది. నేలమీద ఉండగా మనుషుల కళ్లకు ప్రమాదం కాకుండా పెట్టిన భద్రతా స్విచ్‌ను ప్రయోగానికి ముందు తీయలేదు. అదృష్టవశాత్తూ అదే ల్యాండర్‌లో నాసా ప్రయోగాత్మకంగా పంపిన మరో లేజర్ పరికరం ఉంది. దాని కొలతలు వాడుకునేలా అప్పటికప్పుడు కోడ్ మార్చడానికి ల్యాండర్‌ను మరో చుట్టు, అంటే రెండు గంటలు, అదనంగా తిప్పారు. మామూలుగా నెల పట్టే పనిని గంటన్నరలో చేశామని కంపెనీ చెప్పింది. ఆ ఇంజినీర్ల ధైర్యానికీ నేర్పుకూ నమస్కారం పెట్టాల్సిందే. అయితే దిగేటప్పుడు ఆ కొలతలు నావిగేషన్ లెక్కల్లోకి వెళ్లలేదు. కెమెరాలు, జడత్వ సెన్సర్ల (కదలికను పసిగట్టేవి) సాయంతోనే ల్యాండర్ నేలను తాకి, పక్కకు ఒరిగి నిలిచింది. మామూలుగా పట్టే ఆ నెలలో గంటన్నర పోగా మిగిలేదంతా ఇలాంటి తేడాలను పట్టుకోవడానికే.

డబ్బు ఎక్కడ ఒత్తిడి పెడుతుంది

వాణిజ్య కాంట్రాక్టుల తీరు ఈ సమస్యను కాస్త పెంచుతుంది. పాత పద్ధతిలో ఖర్చు ఎంతైతే అంత ప్రభుత్వం భరించి, పైన లాభం ఇచ్చేది. కొత్త పద్ధతిలో ధర ముందే నిర్ణయమవుతుంది, మైలురాయి దాటినప్పుడల్లా కొంత డబ్బు వస్తుంది. ప్రజాధనం కాపాడటానికి ఇది మంచి ఏర్పాటు, ఫాల్కన్ 9, డ్రాగన్ అంత చౌకగా రావడానికి ఇదే ఒక కారణం. కానీ ఇంజిన్ మండిస్తే మంట కనిపిస్తుంది, ప్యారాచూట్ తెరుచుకుంటే ఫోటో వస్తుంది. పరీక్ష బల్ల దగ్గర 25 గంటలు ఏమీ జరగకుండా గడిచిపోతే చూపించడానికి ఏమీ ఉండదు. నష్టాలు పెరిగేకొద్దీ కత్తెర అటువైపు వెళ్లాలనే టెంప్టేషన్ బలంగా ఉంటుంది. స్టార్‌లైనర్ మీద బోయింగ్ నష్టాలు చివరికి 150 కోట్ల డాలర్లు దాటాయి. పొదుపు చేసిన ఆ ఒక్క సుదీర్ఘ పరీక్ష ఖర్చును దాని పక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది.

స్పేస్‌ఎక్స్ వేరే దారి పట్టింది. ఫాల్కన్ 9, డ్రాగన్ కంప్యూటర్లు లినక్స్ మీద, సీ++లో రాసిన కోడ్‌తో నడుస్తాయి. అంతరిక్షం కోసం ప్రత్యేకంగా చేసిన ఖరీదైన ప్రాసెసర్ల బదులు మామూలు రకం ప్రాసెసర్లను మూడు సెట్లుగా పెట్టి, ఒకదాని జవాబును మరొకటి సరిచూసుకునేలా చేశారు. 2012 అక్టోబరులో డ్రాగన్ యాత్రలో రేడియేషన్ దెబ్బకు మూడింటిలో ఒక కంప్యూటర్ మిగతావాటితో లయ తప్పినా ప్రయాణం ఆగలేదు. ఇంకా ముఖ్యమైన లాభం వేరే ఉంది. తరచూ ఎగరడం వల్ల ప్రతి సరుకు యాత్రా మనుషుల యాత్రకు ఒక పరీక్ష అయింది. 2017 ఫిబ్రవరిలో సరుకు డ్రాగన్ ఒకటి జీపీఎస్ లెక్కలో తప్పు విలువ గమనించి, కేంద్రం దగ్గరికి వెళ్లడం తనంతట తానే ఆపేసుకుంది, మర్నాడు సరిగ్గా చేరింది. వ్యోమగాములు ఎక్కేసరికి అలాంటి అనుభవాలు ఆ కోడ్ వెనుక చాలా ఉన్నాయి. ఈ పద్ధతిని అందరూ అనుకరించలేరు. ఏడాదికి ఒక్కసారి కూడా ఎగరని నౌకకు, చంద్రుడికి ఒక్కసారే వెళ్లే ల్యాండర్‌కు బల్లే దిక్కు.

ఎగరడానికి అన్నీ ఉన్నా

వాయిదాలన్నీ కంపెనీల చేతిలో ఉండవు కూడా. రాకెట్ ల్యాబ్ 2019 డిసెంబరులో వర్జీనియాలోని వాలప్స్‌లో తన రెండో ప్రయోగవేదికను ప్రారంభించింది. మరుసటి ఏడాదే అక్కడి నుంచి ఎగరాలని అనుకుంది. వేదిక ఉంది, రాకెట్ ఉంది, కస్టమరు ఉన్నారు. కొరత ఒక సాఫ్ట్‌వేర్‌కే.

రాకెట్ దారి తప్పితే జనావాసాల మీద పడకుండా ఆపేయాలి. పూర్వం ఆ పని కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఒక అధికారి చేసేవారు. ఇప్పుడు రాకెట్‌లోని పెట్టె జీపీఎస్, జడత్వ సెన్సర్లను చూసుకుంటూ, గీత దాటితే తానే నిర్ణయం తీసుకుంటుంది. వాలప్స్ నుంచి ఎగరడానికి నాసా అప్పట్లో తయారుచేస్తున్న అలాంటి వ్యవస్థ తప్పనిసరి అయింది. న్యూజిలాండ్‌లో రాకెట్ ల్యాబ్ అప్పటికే స్వయంచాలక భద్రతా వ్యవస్థతో ఎగురుతోంది. కానీ నాసా సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో కోడ్ లోపాలు బయటపడ్డాయి, సర్టిఫికేషన్ నెలల మీద నెలలు సాగింది. వర్జీనియా నుంచి వెళ్లాల్సిన అమెరికా స్పేస్ ఫోర్స్ వారి మోనోలిత్ ఉపగ్రహాన్ని చివరికి న్యూజిలాండ్‌కు తరలించి 2021 జూలైలో అక్కడి నుంచే ప్రయోగించారు. వర్జీనియా వేదిక ఖాళీగా ఉండిపోయింది.

ఇందులో కంపెనీకి జరిగిన నష్టం చిన్నది కాదు. అయినా ఈ ఒక్క సాఫ్ట్‌వేర్ విషయంలో తొందరపెట్టడం న్యాయం కాదు. అనవసరంగా పనిచేస్తే మంచి రాకెట్‌ను పేల్చేస్తుంది, అవసరమైనప్పుడు పనిచేయకపోతే కింద మనుషులున్నారు. రెండు వైపులా తప్పు చేయని కోడ్ కావాలి. నాసా దిద్దుబాట్లు పూర్తిచేసి 2022లో దాన్ని ధ్రువీకరించింది. డిసెంబరులో ప్రయోగానికి సిద్ధమైతే, నాసా, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ)ల మధ్య పూర్తి కావాల్సిన పత్రాల వల్ల ముందు, వాతావరణం వల్ల తర్వాత మళ్లీ ఆగింది. వేదిక సిద్ధమై మూడేళ్లు దాటాక, 2023 జనవరి 24న హాక్‌ఐ 360 కంపెనీ ఉపగ్రహాలు మూడింటితో ఎలక్ట్రాన్ వర్జీనియా నుంచి ఎగిరింది. ఆ భద్రతా సాఫ్ట్‌వేర్‌ను నాసా ఒక్క రాకెట్ ల్యాబ్ కోసమే చేయలేదు, అమెరికాలోని వేర్వేరు ప్రయోగ కేంద్రాల నుంచి ఎగిరే ఇతర కంపెనీలూ వాడుకునేలా రూపొందించింది.